బతికున్న ఎర గాలం: ఆత్రేయపురం, గోదావరి మధ్య డెల్టా

వానపామునో రొయ్యనో పరిగె పిల్లనో ప్రాణం పోకుండా ముల్లుకు గుచ్చి, దాని కదలికతోనే వేటచేపను రప్పించే గాలాన్ని ఈ వ్యాసంలో బతికున్న ఎర గాలం అంటున్నాం. దీనికి కావలసిన వస్తువులు నాలుగే: ముల్లు, తంగూసు దారం, సీసపు గుండు, బెండు. వీటిని ఏ వరసలో, ఎంతెంత దూరంలో, ఏ ముడితో కడితే ఎర ఎక్కువసేపు బతుకుతుంది, చేప అనుమానపడకుండా ఎలా నోట పెట్టుకుంటుంది అన్నది తెలియడమే అసలు పనితనం. ఇది అంగట్లో దొరకదు. అందుకే కొన్న గాలం కన్నా ఇంట్లో కట్టుకున్న గాలానికే డెల్టా ఊళ్ళలో విలువ. వలల మీద జరిగినంత పరిశోధన చేతిగాలాల మీద జరగలేదు. వల అడ్డం వచ్చినదాన్నంతా లాగేస్తుంది. గాలం ఒక జాతిని, ఒక పరిమాణాన్ని ఎంచుకుని పట్టగలదు. నదిలో చేప తగ్గిపోతున్న కాలంలో ఈ గుణాన్ని చిన్నదిగా చూడకూడదు.

చోటు

ఆత్రేయపురం అనగానే ఎవరికైనా పూతరేకులే గుర్తొస్తాయి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఊరి చుట్టూ ఉన్న నీటిని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. 2022 ఏప్రిల్ నుంచి ఈ మండలం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉంది. అంతకు ముందు తూర్పు గోదావరిలో ఉండేది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ రెంటి నడుమ మొదలయ్యే నేల మొనలోనే ఈ మండలం ఉంది. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలువ పుడుతుంది. అది లొల్ల లాకుల దగ్గర కోనసీమ నలుమూలలకూ వెళ్ళే కాలువలుగా విడిపోతుంది. వాడపల్లి గౌతమి ఒడ్డున ఉంది. ఈ చుట్టుపక్కల పెద్ద గోదారి ఉంది, లంకల మధ్య సన్న పాయలు ఉన్నాయి, నిండుగా పారే కాలువలు, పొలాల్లో బోదెలు, మురుగు కాలువలు, ఊరి చెరువులు ఉన్నాయి. ఒక్కో నీటిలో ఒక్కో చేప, ఒక్కో చేపకు ఒక్కో కట్టుబడి.

ఈ నీటి స్వరూపం సగం మనిషి చేసినదే. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని స్థానంలో 1970లో పని మొదలై 1982కి పూర్తయిన నేటి బ్యారేజి, నదిని పైనీరు, కిందినీరు అని రెండుగా విడదీశాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలు కలిపి బ్యారేజికి 175 గేట్లు. సముద్రం వైపు నుంచి ఎదురీదే చేపలకు అక్కడ దారి మూసుకుపోయింది. గేట్ల దిగువ గుంటల్లోనూ, లాకుల దిగువ సుడుల్లోనూ మాత్రం నీరు గాలిని కలుపుకుని దూకుతుంది. ప్రవాహానికి తల తిరిగిన చిన్నచేపలు అక్కడ పోగవుతాయి. వాటి వెనకే వాలుగలు, పెద్ద జెల్లలు చేరతాయి. గాలం వేసేవాళ్ళు లాకుల చుట్టూ తచ్చాడేది అందుకే. ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేదీ అక్కడే.

ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. నీరు తగ్గి గుంటలే మిగిలిన ఆ రోజుల్లో గాలంతో పని లేదు. ఊతలతో, చేతులతో, చిన్న వలలతో గుంటలు ఊడ్చేస్తారు. జూన్‌లో నీరు వదిలాక కాలువలో చేప మళ్ళీ నిలదొక్కుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది.

చరిత్రలో గాలం

గాలం వేటను శాస్త్రంగా రాసిన పాత గ్రంథం మన దక్కనుదే. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడో సోమేశ్వరుడు 1126 నుంచి 1138 దాకా ఏలాడు. ఆయన సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసానికే అభిలషితార్థ చింతామణి అని మరో పేరు. రాజు విహారాలను వర్ణించే భాగంలో మత్స్య వినోదం అనే అధ్యాయం ఉంది. అందులో నదిచేపలు, సముద్రపు చేపలు వేరువేరుగా చెప్పి, ఏ చేపకు ఏ మేత పెట్టి మచ్చిక చేయాలో, గాలపు దారం, కర్ర ఎలా ఉండాలో వివరించాడు. మత్స్య శాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఈ అధ్యాయాన్ని పరిశీలించి, అందులోని చేపలు ఏవో గుర్తించే ప్రయత్నం చేశాడు. ఎరకు ముందు మేత, దారానికి ముందు చేప స్వభావం అన్న సోమేశ్వరుడి క్రమం నేటికీ చెల్లుతుంది.

తెలుగు తీరం చేపలను బొమ్మలతో సహా నమోదు చేసినవాడు పాట్రిక్ రసెల్. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణన 1803లో అచ్చయింది. జాలర్లు పిలిచే పేర్లను ఆయన వదలకుండా రాసుకున్నాడు. ఆ తరవాత మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో భారతదేశంలో గాలం వేటపై ఒక పుస్తకం తెచ్చాడు. అదే ఏడు ఫ్రాన్సిస్ డే మంచినీటి చేపల పరిశ్రమపై నివేదిక ఇస్తూ, ఆనకట్టలు చేపల రాకపోకలకు చేసే చెరుపును ప్రస్తావించాడు. థామస్ రాసింది దొరల వినోదం, డే రాసింది సర్కారు లెక్క. లంకలో వెదురు కర్ర పట్టుకున్న మనిషి కట్టుకున్న గాలం ఈ రెంటిలోకీ పూర్తిగా రాలేదు.

పూర్వం దారాన్ని జనుము, నూలు, పట్టులతో పేనేవారు. అది నీటిలో కుళ్ళకుండా చెట్టుబెరడు కషాయంలో నానబెట్టేవారు. గత శతాబ్దం రెండో సగంలో నైలాన్ ఒంటిపోగు దారం వచ్చి ఇదంతా మార్చేసింది. డెల్టాలో దాన్నే తంగూసు అంటారు. నీటిలో కనపడదు, కుళ్ళదు, సన్నగా ఉండి బరువు మోస్తుంది. చేతిగాలం ఈనాడు ఇంత సూక్ష్మంగా కట్టగలుగుతున్నామంటే కారణం తంగూసే. నీటిలో తెగి మిగిలితే ఏళ్ళ తరబడి పోదన్నది దాని చెడ్డగుణం.

ఏ చేపలు ఎరకు వస్తాయి

గోదావరి చేపల్లో అన్నిటికన్నా ఖరీదైన పులస గాలానికి రాదు. అది నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తింటుంది. వరద నీటికి ఎదురీదే రోజుల్లో దాన్ని వలతోనే పట్టాలి. బొచ్చె, శీలావతి, మోసు వంటివి తవుడు ముద్దకు, మైదా ముద్దకు వస్తాయి గాని వాటిని బతికున్న ఎరతో వేటాడరు. ఈ వ్యాసానికి పనికొచ్చేవి మాంసాహారులు.

వాటిలో మొదట చెప్పవలసింది కొర్రమీను. గాలిని నేరుగా పీల్చగలదు కాబట్టి నీటిలో ప్రాణవాయువు తగ్గిన మురుగు కాలువల్లో, తూటికాడ, గుర్రపుడెక్క అల్లుకున్న చెరువుల్లో కూడా బతుకుతుంది. కొద్ది నిమిషాలకొకసారి పైకి వచ్చి గుటక వేసి పోతుంది. ఆ గుటక చప్పుడే వేటగాడికి ఆనవాలు. పొంచి ఉండి ఒక్క ఉదుటున మీద పడుతుంది, పట్టగానే తూటికాడలోకి దూరుతుంది. తెలంగాణ 2016లో దీన్నే రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. దీని చిన్న చుట్టం మట్టగిడస పొలం బోదెల్లో కూడా వానపాముకు వస్తుంది.

వాలుగది మరో తీరు. రాత్రి తిరుగుతుంది. కళ్ళ వెనక దాకా చీలిన నోరు, ఆ నోటినిండా వెనక్కి వాలిన సన్న పళ్ళు. మీటరు దాటి పెరుగుతుంది. బతికున్న చేపంటే ప్రాణం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఇది ఇప్పుడు అపాయానికి లోనైన జాతి. ఒకప్పటి చెరువుల్లో దండిగా ఉన్న మార్పు చేప అంతకన్నా ప్రమాదంలో ఉంది. దాని స్థానంలో చెరువుల్లోకి వచ్చిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ పెంపకాన్ని దేశంలో నిషేధించారు. జెల్లలకు మీసాలే నాలుక. బురదనీటిలో కూడా వాసనను, రుచిని పట్టి వానపామును వెతుక్కుంటాయి. పిల్లలు గాలం నేర్చుకునేది జెల్లలతోనే. ఇంగిలాయి, బొమ్మిడాయి అడుగున ఆనిన వానపాముకు వస్తాయి.

ఆనకట్ట కింది పాయల్లో, ఉప్పునీరు పోటెక్కే యానాం, అంతర్వేది దిక్కున పండుగప్ప దొరుకుతుంది. సముద్రంలో పుట్టి నదిలోకి ఎక్కి పెరుగుతుంది. మొదట మగగా ఉండి వయసు మీద ఆడగా మారుతుంది. చీకట్లో దీపం వేస్తే దీని కళ్ళు మెరుస్తాయి. ఉత్తర అమెరికాలో వాల్‌ఐ అనే చేపకూ ఇదే లక్షణం. కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉండడం వల్ల మసక వెలుతురులో తన ఆహారం కన్నా తానే బాగా చూస్తుంది. బతికున్న రొయ్య, సాయంసంధ్య, పోటు మొదలయ్యే వేళ: పండుగప్పకు ఈ మూడూ కలవాలి.

ముల్లు

ముల్లులో చూడవలసినవి మూడు: కాడ పొడవు, నోటి వెడల్పు, తీగ మందం. వానపాముకు పొడవు కాడ ముల్లు మంచిది, ఎర నిటారుగా పట్టి ఉంటుంది. చిన్నచేపకు, రొయ్యకు పొట్టి కాడ, సన్న తీగ కావాలి. లావు ముల్లు గుచ్చితే ఎర గాయపడి నిమిషాల్లో చస్తుంది. చేప పెద్దదని ముల్లు కూడా పెద్దది పెట్టడం కొత్తవాళ్ళు సాధారణంగా చేసే తప్పు. ముల్లును ఎరకు తగ్గట్టు ఎంచుకోవాలి, పట్టబోయే చేపకు తగ్గట్టు కాదు. అంకెల్లో ఒక చిక్కు ఉంది. మామూలు అంకె పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది, సున్నాతో కలిపి రాసే అంకె పెరిగేకొద్దీ పెద్దదవుతుంది. జెల్లకు 6 నుంచి 8, కొర్రమీనుకు, పండుగప్పకు 1/0 నుంచి 3/0 సరిపోతాయి. నార్వేకు చెందిన ముస్తాద్ ముళ్ళు మన తీరంలో చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి.

మొన లోపలికి తిరిగి ఉండే గుండ్రటి ముల్లు బతికున్న ఎరకు మరీ అనువైనది. చేప ఎరను మింగి పక్కకు తిరిగినప్పుడు ఆ ముల్లు గొంతులో దిగకుండా జారి వచ్చి దవడ మూలన పట్టుకుంటుంది. దానికి గాలాన్ని గట్టిగా కుదపకూడదు, దారం బిగిస్తే చాలు. చిన్నచేప పడితే ప్రాణంతో వదలడానికి వీలుంటుంది. ఈ ఒక్క కారణానికే దీన్ని మన కాలువల్లో అందరూ వాడాలి.

దారం, సీసం, బెండు, కర్ర

ముఖ్య దారం ఒకటి, ముల్లు కట్టే చివరి దారం ఒకటి. ఈ రెంటినీ వేరుగా ఉంచడంలోనే గాలం మర్మం ఉంది. చివరి దారం అడుగున రాయికో మొద్దుకో తగులుకుంటే అదొక్కటే తెగుతుంది, మిగతాది దక్కుతుంది. జెల్లకు 0.30 మిల్లీమీటర్ల తంగూసు చాలు. కొర్రమీనుకు తూటికాడ నుంచి లాగాలి కాబట్టి 0.45 నుంచి 0.50 ఉండాలి. వాలుగ పళ్ళు దారాన్ని ఆకురాయిలా అరగదీస్తాయి. పండుగప్ప చెక్కిలి మీది అంచు కత్తిలా కోస్తుంది. ఈ రెంటికీ చివరి మూర మాత్రం 0.70 దాకా లావు దారం వేయడం మంచిది.

సీసపు గుండు దారానికి బిగించి ఉండడం పాత పద్ధతి. నడిమికి రంధ్రం తొలిచి, దారం దానిలోంచి స్వేచ్ఛగా జారేటట్టు చేయడం మేలైన పద్ధతి. చేప ఎరను తీసుకుని నడిస్తే దారం గుండులోంచి జారిపోతుంది, గుండు అడుగునే ఉంటుంది. చేపకు బరువు తెలియదు, అనుమానించి ఉమ్మేయదు. గుండు జారి ముల్లు మీదికి రాకుండా, చివరి దారం మొదలయ్యే చోట ఒక పూసనో చిన్న తిరుగుడు కొక్కేన్నో అడ్డం వేస్తారు. తిరుగుడు కొక్కెం ఉంటే ఎర గింగిరాలు తిరిగినా దారం మెలిపడదు. గుండు బరువు ఎంత ఉండాలన్నది నీరే చెప్తుంది. కాలువ వాలులో ఎర అడుగున తగులుతూ తగలనట్టు నెమ్మదిగా దొర్లాలి. పాతేసినట్టు కూర్చుంటే బరువు ఎక్కువైంది. పైకి తేలిపోతుంటే తక్కువైంది.

బెండుకు జీలుగ కాడ ముక్క, నెమలి ఈక కాడ, పాత హవాయి చెప్పు ముక్క ఏదైనా సరే. చెప్పు ముక్క చాలాకాలం మన్నుతుంది. జీలుగ బెండు మాత్రం చిన్న తాకిడికి కూడా వణుకుతుంది, అందుకే జెల్లకు అదే తగినది. బతికున్న చేపను కట్టినప్పుడు బెండు ఎరకన్నా కాస్త పెద్దదిగా ఉండాలి, లేకపోతే ఎరే దాన్ని ముంచేసి వేటగాణ్ణి మోసగిస్తుంది.

కర్రకు ముదిరిన సన్న వెదురు. నీడన ఆరబెట్టి, వంకర ఉన్నచోట సెగ చూపి సాపు చేస్తారు. ఎండలో ఆరిన వెదురు పగులుతుంది. నేడు చక్రం బిగించిన ఫైబర్ కర్రలు కూడా వచ్చాయి. దూరం విసరడానికి అవి మేలు. కాలువ గట్టున, తూటికాడ సందులో ఎరను నేరుగా కిందికి దించాలంటే మాత్రం పొడవాటి వెదురుకు సాటి లేదు.

కట్టుబడి

చేతిగాలం బలం ముడిలో ఉంటుంది. కన్ను లేని ముళ్ళకు కాడ చివర చదునుగా అణచి ఉంటుంది. కన్నున్న ముళ్ళకు రంధ్రం. రెంటికీ పనికొచ్చేది కాడ చుట్టు ముడి. దారం కొసను కన్నులోంచి దూర్చి, కాడ వెంట వంపు దాకా తెచ్చి, అక్కడ ఒక ఉచ్చు వదిలి కొసను కాడకు ఆనించి పట్టుకోవాలి. ఆ ఉచ్చులో వంపువైపు పోగుతో కాడను, కొసను కలిపి కన్ను వైపు నుంచి వంపు వైపుకు ఏడెనిమిది చుట్లు పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వేయాలి. చుట్లను వేళ్ళతో నొక్కి పట్టి, ముఖ్య దారాన్ని లాగితే ఉచ్చు లోపలికి పోయి ముడి బిగుస్తుంది. బిగించే ముందు ఉమ్మితోనో నీటితోనో తడపాలి. పొడి తంగూసును లాగితే రాపిడి వేడికి బలం పోతుంది. ఈ ముడిలో లాగుడు కాడకు సూటిగా పడుతుంది. మామూలు ముడి కన్నా ఇది నమ్మకమైనది.

చివరి దారం పొడవు మూరెడు, అంటే సుమారు 45 సెంటీమీటర్లు. నీరు తేటగా ఉంటే ఇంకా పెంచవచ్చు, బురదగా ఉంటే జానెడున్నర చాలు. దారం పొడవయ్యేకొద్దీ ఎర స్వేచ్ఛగా ఈదుతుంది గాని చేప ముట్టిన సంగతి చేతికి ఆలస్యంగా తెలుస్తుంది.

జంటముల్లు కట్టుబడి ఇక్కడే ప్రస్తావించాలి. వాల్‌ఐ వేటకు ప్రసిద్ధమైన అమెరికా కట్టుబడిలో ఒకే చివరి దారానికి రెండు చిన్న ముళ్ళు వరసగా కాడ చుట్టు ముడితో బిగిస్తారు. ముందు ముల్లు పొడవాటి వానపాము తలకు, వెనక ముల్లు నడుముకు గుచ్చుతారు. ముళ్ళ ముందు రంగుపూసలు, నీటిలో తిరిగే చిన్న రేకు ఉంటాయి. తోకను కొరికి పారిపోయే చేపను వెనక ముల్లు పట్టుకుంటుంది. మిన్నెసోటా రాష్ట్రం 1965లో వాల్‌ఐని రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. పడవ మీద గాలం సాగదీస్తూ ఈ కట్టుబడిని వాడడం అక్కడ సర్వసాధారణం. 1960ల చివర అక్కడి లిండ్నర్ సోదరులు ప్రచారంలోకి తెచ్చిన జారే గుండు గాలం కూడా మనం పైన చెప్పుకున్న సూత్రమే.

ఆ జంటముల్లును మన కాలువకు అన్వయించుకోవడం కష్టం కాదు. ముళ్ళ నడుమ ఐదారు సెంటీమీటర్ల ఎడం, 8వ అంకె ముళ్ళు రెండు, పెద్ద వానపాము ఒకటి. తోక కొరికే అలవాటున్న జెల్లలకు ఇది బాగా పనిచేసే కట్టుబడి. రేకు, పూసలు తేట నీటికే. వరద బురదలో వాటి మెరుపు కనపడదు, అనవసరపు బరువు. తూటికాడ ఉన్నచోట జంటముల్లు అసలు వేయకూడదు. ఒక ముల్లు చేపను పడితే రెండోది కాడకు తగులుకుంటుంది, చేప చిరిగిన నోటితో పోతుంది.

ఎరను పట్టడం, బతికించడం

వానపాములు అరటితోటల తడినేలలో, పెంటకుప్ప అంచున దొరుకుతాయి. తడిమట్టి వేసిన చిప్పలోనో కుండలోనో ఉంచి, పైన అరటి బోదె పట్ట కప్పితే ఎండరోజున కూడా చల్లగా ఉంటాయి. నీళ్ళు పోస్తే చస్తాయి, తేమ చాలు. గుచ్చేటప్పుడు తల వైపు నుంచి కాడ మీదికి ఎక్కించి, తోక రెండు మూడు అంగుళాలు వదిలేయాలి. ఆడే తోకే చేపను రప్పిస్తుంది. చాలామంది ముల్లు కనపడకూడదని మొత్తం చుట్టి ముద్ద చేస్తారు. ముద్దను పరిగెలు ముట్టుకుని తినిపోతాయి, పెద్దచేప రాదు.

చిన్నచేపను గుచ్చడానికి రెండు చోట్లున్నాయి. నిలవనీటిలో వీపు రెక్క కింద, వెన్నుపూసకు పైన, కండలో మాత్రమే ముల్లు దింపాలి. వెన్ను తగిలితే చేప కదలదు. పారే నీటిలో పై పెదవికి మాత్రమే గుచ్చాలి. రెండు పెదవులూ కలిపి కుడితే నోరు తెరవలేక, మొప్పలకు నీరందక త్వరగా చస్తుంది. పై పెదవికి గుచ్చిన చేప ప్రవాహానికి ఎదురుగా నిలిచి సహజంగా ఈదుతుంది. రొయ్యకు తల మీది కొమ్ము మొదట్లో గుచ్చాలి. తలలో కనిపించే నల్లటి మచ్చకు ముల్లు తగిలితే వెంటనే పోతుంది. లేదా తోక చివరి గణుపుల్లో అడ్డంగా గుచ్చితే వెనక్కి ఎగురుతూ ఉంటుంది. పండుగప్పకు ఆ ఎగురుడే కావాలి.

ఎర చేపల్ని బకెట్‌లో కిక్కిరిసేలా వేయకూడదు. నీడన పెట్టి, అరగంటకొకసారి సగం నీరు మార్చాలి, అదీ వేట జరిగే చోటి నీరే. బావినీరు పోస్తే వేడి తేడాను తట్టుకోలేవు. చిల్లులు పొడిచిన డబ్బాలో రొయ్యలు వేసి తాడు కట్టి కాలువలోనే వేలాడదీయడం ఇంకా మంచిది. ఒక కాలువ నుంచి తెచ్చిన ఎర చేపలు మిగిలితే మరో చెరువులో వదలకూడదు. తిలాపియా లాంటి పరాయి జాతులు నీటి నుంచి నీటికి పాకే దారుల్లో అదొకటి.

కొర్రమీనుకు కప్పను మించిన ఎర లేదని పాతవాళ్ళు అంటారు. అది నిజం కూడా. అయినా దాన్ని వదిలేయాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కప్పలకు రక్షణ ఇచ్చింది, కప్పకాళ్ళ ఎగుమతిని దేశం 1987లో ఆపేసింది. పొలంలో పురుగును తినే కప్ప వరి రైతుకు చేసే మేలు ఒక పూట కూర కన్నా పెద్దది. చిన్న మట్టగిడసకో, వానపాముల గుత్తికో కొర్రమీను వస్తుంది, కాస్త ఓపిక పట్టాలి అంతే.

కాలం

జూలైలో వరద ఎర్రనీరు వచ్చాక సెప్టెంబరు దాకా చూపుతో వేటాడే చేపలకు గాలం దండగ. ఆ రోజుల్లో వాసనతో వచ్చే జెల్లలకు, ఇంగిలాయిలకు వానపాము వేయాలి. గట్టు వార, నీరు మందంగా తిరిగే మూలల్లో వేయాలి. కార్తీకం నాటికి నీరు తేరుకుంటుంది. అక్కడి నుంచి ఫిబ్రవరి దాకా బతికున్న చేపతో, రొయ్యతో వేటకు మంచి రోజులు. పొద్దు పొడిచే ముందూ, పొద్దు వాలాకా పనికొచ్చే వేళలు. కొర్రమీను మాత్రం ఎండెక్కిన తరవాత కూడా గుటకకు పైకి వస్తూనే ఉంటుంది, అందుకే పగటి వేటకు అదే దిక్కు.

ప్రమాదాలు

బ్యారేజి గేట్ల దగ్గర, లాకుల తలుపుల దగ్గర నీరు చెప్పకుండా పెరుగుతుంది. నాచు పట్టిన రాతికట్టు మీద నిలబడి గాలం వేసేవాడు జారితే సుడి తేలనివ్వదు. ఒంటరిగా, రాత్రిపూట అక్కడికి పోకూడదు. ఇంగిలాయి పక్కరెక్క ముల్లులో విషం ఉంటుంది. అది గుచ్చితే చెయ్యంతా సలుపుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీటిలో గుచ్చుకున్న చోటును ముంచి ఉంచితే విషం తీవ్రత తగ్గుతుంది, తరవాత వైద్యుడికి చూపించుకోవాలి. జెల్ల ముళ్ళు కూడా అటువంటివే, గుడ్డతో పట్టాలి. గాలపు ముల్లు వేలిలో దిగి ముల్లుకొస లోపల ఉండిపోతే వెనక్కి లాగకుండా ఆసుపత్రికి వెళ్ళడం, ధనుర్వాతం సూది వేయించుకోవడం అవసరం. సీసపు గుండును పళ్ళతో కొరికి బిగించే అలవాటు పిల్లలకు అసలు నేర్పకూడదు, సీసం విషం.

హక్కు, కట్టుబాటు

ఊరి చెరువులను సాధారణంగా పాట పెట్టి మత్స్యకార సంఘాలకో, పాడుకున్నవారికో ఇస్తారు. పాట చెరువులో, ప్రైవేటు ఆక్వా చెరువులో అనుమతి లేకుండా గాలం వేయడం దొంగతనమే. నదిలో, కాలువలో జాలరి కుటుంబాలు వలలు దించే రేవుల్లో వాళ్ళ పని అయ్యేదాకా ఆగడం మర్యాద. వాళ్ళకది జీవనం. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది. ఆ నిషేధం గాలం పట్టేవాళ్ళ మేలు కోసం కూడా. మందు వేసిన గుంటలో చేపతో పాటు ఎర కూడా మిగలదు. తెగిన తంగూసును గట్టున పారేస్తే కొంగల కాళ్ళకు, నీటికోళ్ళ మెడలకు చుట్టుకుంటుంది. దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తేవాలి.

చివరగా కొర్రమీను పిల్లల సంగతి. వానలు మొదలయ్యాక జంట కొర్రమీలు గూడు కట్టి గుడ్లు పెడతాయి. ఎర్రగా, నారింజ వన్నెలో పిల్లలు వందలుగా గుంపు కట్టి నీటి మీదికి గుటకకు వస్తుంటే, తల్లీతండ్రీ కిందనే కాపలా తిరుగుతాయి. ఆ సమయంలో అవి గుంపు దగ్గరికి వచ్చిన దేన్నయినా కరుస్తాయి. అందుకే కొందరు వేటగాళ్ళు గుంపును వెతికి, దాని నడుమనే గాలం దించుతారు. తేలిగ్గా పడే చేప అది. దాన్ని తీస్తే ఆ పిల్లలను జెల్లలూ, మట్టగిడసలూ ఊడ్చేస్తాయి. గాలం కట్టడం తెలిసినవాడికి ఆ చేప అవసరం లేదు. ఎర్రపిల్లల గుంపు కనపడితే గాలం చుట్టేసి ఇంకో రేవుకు వెళ్ళండి, పక్కవాళ్ళకు కూడా ఆ మాట చెప్పండి.